ఖాసిం హోటల్ గోడ మీది వంకాయ కూర

మా బాపు రాజలింగు ఫొటోగ్రాఫర్. నిజామాబాద్ పెద్ద బజార్‌లో మేడమీద చిన్న స్టూడియో ఉండేది. పెళ్లిసంబంధాలకు ఫొటో పంపాల్సిన ఆడపిల్లలు, కొత్త జంటలు, హజ్‌కు పోయే ముసలివాళ్లు అందరూ ఆయన ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్లే. ఎవరి ముఖానికి ఏ పక్కనుంచి వెలుగు పడితే బాగుంటుందో చూడగానే చెప్పేవాడు. ఇంట్లో మాత్రం కంచం వైపు చూడకుండా తినేవాడు. ఎడమచేతిలో ఉర్దూ పేపరు, కుడిచేయి రొట్టె మీద.

"కూరెట్లున్నది?" అని మా అవ్వ గంగమణి, అంటే మా అమ్మ, అడిగితే, "మంచిగనే ఉన్నది" అని పేజీ తిప్పేవాడు. అవ్వ ఇంకేమీ అడిగేది కాదు.

1962లో చెరుకు సీజను మొదలవుతుండగా బోధన్ నుంచి ఖాసిం అనే ఆయన స్టూడియోకు వచ్చాడు. షుగర్ ఫ్యాక్టరీకి పోయే దారిలో కొత్తగా హోటల్ పెట్టుకున్నాడు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరి నిలబడేవి. తమ వంతు వచ్చేదాకా రైతులు రోడ్డు పక్కనే తిని, అక్కడే పడుకునేవాళ్లు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. బోర్డు రాయిస్తే ఎవరు చదువుతారు?

"రాజలింగన్నా, గోడకు పెద్ద తస్వీర్ పెడుత" అన్నాడు ఖాసిం. "రొట్టె, కూర, మీద నూనె తేలుకుంట కనవడాలె. సూస్తెనే ఆకలి కావాలె."

తన హోటల్లో వండిన కూర టిఫిన్ గిన్నెలో వెంట తెచ్చాడు. బాపు దాన్ని పళ్లెంలో పోసి, స్టూడియో బల్బులన్నీ వెలిగించి ఫొటో తీశాడు. ఫిలిం కడిగి చూస్తే కూర నల్లగా, ముద్దగా, రొట్టె తోలు ముక్కలా కనిపించింది. ఖాసిమే ముందు నవ్వాడు.

"యా అల్లా, గిది సూస్తె ఉన్న ఆకలి గూడ పోతది!"

ఇంకోసారి తీస్తానని బాపు మాటిచ్చి పంపాడు. ఏం చేయాలో తెలియదు. మనుషులైతే గడ్డం ఎత్తమంటే ఎత్తుతారు, నవ్వమంటే నవ్వుతారు. కూరకు ఏమని చెప్తాడు?

మర్నాడు మధ్యాహ్నం మామూలుగా తినడానికి ఇంటికి వచ్చాడు. అప్పుడు మేం ఊళ్లోనే కంఠేశ్వర్ వాడలో పెంకుటింట్లో ఉండేవాళ్లం. వంటింటి కప్పులో ఒకచోట మట్టి పెంకుకు బదులు అద్దం పెంకు ఉండేది. దాంట్లోంచి ఎండ పొగను చీల్చుకుంటూ దిగి పొయ్యి పక్కన పడేది. అవ్వ నువ్వులు, పల్లీలు నూరి నింపిన వంకాయ కూర దించి సరిగ్గా ఆ ఎండలో పెట్టింది. బాపు గడప మీదే ఆగిపోయాడు. పేపరు చంకలోనే ఉంది.

"గిన్నెను ఆడనే ఉంచు. ముట్టకు."

"ఏమైంది? బల్లి పడ్డదా?"

బాపు అప్పటికే బయటికి పరుగెత్తాడు. రిక్షాలో కెమెరా, స్టాండు, నల్లగుడ్డ వేసుకుని వచ్చేసరికి ఎండ గోడెక్కిపోయింది. కూర పిల్లల పాలైంది.

మరుసటి రోజు అవ్వ మళ్లీ వండింది. బాపు స్టూడియోకు పోనేలేదు. పళ్లేన్ని ఇటు జరిపాడు, అటు జరిపాడు. దండెం మీది తెల్లధోవతి తీసి నన్ను, చెల్లెను చెరో కొసా పట్టుకొమ్మన్నాడు. ఎండ దాని మీద పడి వెనక్కి కొట్టేసరికి వంకాయల నీడ పక్కకు కూడా కొంచెం వెలుగొచ్చింది. నల్లగుడ్డలో తల దూర్చి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"కూర సల్లారుతున్నది" అంది అవ్వ.

"సల్లారనీ. వంకాయ మీద తళుకు సూడు, ఎట్లున్నదో." గుడ్డలోంచి తల బయటికి తీశాడు. "గంగమణీ, తొడిమె ఎందుకు తియ్యవు?"

"తీస్తె కాయ ఇచ్చుకపోతది."

"నువ్వులు ఏంచి నూరుతవా, పచ్చియా?"

అవ్వ ఆయన వైపు వింతగా చూసింది. "పెండ్లయినప్పటిసంది ఏంచే నూరుతున్న. ఇయ్యాల అడుగుతున్నవా?"

బాపు మళ్లీ గుడ్డలో తల దూర్చాడు. ఫొటో తీశాక ఆ చల్లారిన కూరతోనే, పీట మీద కూర్చుని, పేపరు లేకుండా తిన్నాడు. ఒక వంకాయ తినేసి, రెండోది తీసుకునే ముందు కాసేపు దాన్ని చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. అవ్వ లేచి పెరట్లోకి పోయింది. బోళ్లు తోముతూ ఏదో పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఆమె పాడగా వినడం నాకదే మొదలు.

ఫొటోను పెద్దది చేసి, ఫ్రేము కట్టించి పంపాడు. సంక్రాంతి దాటిందో లేదో, ఖాసిం మళ్లీ ఊడిపడ్డాడు. ఈసారి మా ఇంటికే వచ్చాడు.

"అన్నా, నా ఇజ్జత్ పోతున్నది. వచ్చినోడల్ల గోడ దిక్కు ఏలు సూపెట్టి గదే పెట్టు అంటుండు. నిన్న మోర్తాడ్ ఊరి ఆశన్న అని ఒకాయన పళ్లెం వట్టుకొని లేసి, ఫొటో పక్కన వెట్టి సూసిండు. 'గిది గది కాదు' అన్నడు. హోటలంత నవ్విండ్రు!"

బాపు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "నన్నడిగి ఏం లాభం? వంట ఆమెది."

ఖాసిం చేతులు జోడించి అవ్వ వైపు తిరిగాడు. "అక్కా, ఒక్కసారి వచ్చి హోటల్ల వండే మా హుసేన్ బీకి సూపెట్టు."

వాళ్లూ వీళ్లూ ఏమంటారో అని అవ్వ జంకుతుందనుకున్నాను. ఆమె కొంగు దోపుకుంటూ, "నువ్వులు నూరి తెస్త. మీ తాన రోలు ఎట్లుంటదో ఏమో" అంది.

అవ్వ, బాపు, నేను బోధన్ బస్సు దిగగానే చెరుకు పిప్పి వాసన, ఫ్యాక్టరీ తీపి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. హోటల్ వెనక వంటపాకలో హుసేన్ బీ ఉంది. ఖాసింకు పెద్దక్క, పెద్ద మనిషి. అవ్వను చూసి లేవలేదు.

"మా చేతి వంట గంత పాడుగున్నదా?" అంది.

"ఎవలన్నరట్ల? గోడ మీద ఫొటో వెట్టింది మీ తమ్ముడు, నేను గాదు" అంది అవ్వ.

పెద్ద డేగిశా పొయ్యి మీదికెక్కింది. ఎండిన చెరుకు పిప్పి మంట ఎగిసి మండుతోంది. మా ఇంటి చిన్న పొయ్యి అలవాటున్న అవ్వకు ఆ మంట అంతుపట్టలేదు. చూస్తుండగానే మసాలా మాడింది, కాయలు పగిలిపోయాయి. పొగకో సిగ్గుకో అవ్వ కళ్లు తుడుచుకుంది.

హుసేన్ బీ అప్పుడు లేచింది. నవ్వలేదు. పిప్పి బయటికి లాగి, నిప్పుల మీద బూడిద చల్లింది. "మస్తు మందికి వండుడు ఏరే అక్కా. చింతపులుసు గిప్పుడే పొయ్యకు, కాయ మెత్తవడ్డంక పొయ్యి."

రెండోసారి ఇద్దరూ కలిసి వండారు. నూనె పైకి తేలింది. అది మా ఇంటి రుచి కాదు, హుసేన్ బీ రుచీ కాదు. కానీ ఆశన్నలాంటి వాళ్లు అడిగి మళ్లీ పెట్టించుకున్నారు. అప్పటినుంచి దాన్ని అందరూ 'ఫొటో కూర' అనే పిలిచేవాళ్లు.

జనం పలచబడ్డాక ఖాసిం బల్ల తుడిచాడు. "అక్కా, కూసో."

"నేను కూసుంటె వడ్డించేదెవలు?"

"నేను లేనా?" అంది హుసేన్ బీ, రొట్టెల బుట్ట తెస్తూ.

అవ్వ బల్ల చివర ఒదిగి కూర్చుంది. పెళ్లయ్యాక ఇంకొకరు వడ్డిస్తుంటే కూర్చుని తినడం ఆమెకు కొత్త. మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. బాపు పక్కన కూర్చుని ఆమె కంచం వైపే చూస్తున్నాడు. "ఇంకో రొట్టె ఎయ్యమంటవా?" అని హుసేన్ బీ అడిగితే వద్దంటుందనుకున్నాం.

"ఎయ్యి" అంది అవ్వ.

ఆ తర్వాత ప్రతి చెరుకు సీజన్‌లో ఒకసారి అవ్వ బోధన్ పోయేది, ఒకసారి హుసేన్ బీ మా ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఉప్పు దగ్గర గొడవపడేవాళ్లు. నా పెళ్లి వంట కూడా వాళ్లిద్దరి చేతుల మీదే జరిగింది.

1974 ఎండాకాలంలో హుసేన్ బీ పోయిందని కబురొచ్చింది. బాపు కోసం ఆగకుండా అవ్వ ఒక్కతే బస్సెక్కింది. వెనక బస్సులో మేం చేరేసరికి హోటల్ మూసి ఉంది. పాకలోంచి పొగ వస్తోంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కదా, అవ్వ హోటల్ పొయ్యి వెలిగించి వచ్చినవాళ్లందరికీ అన్నం, పప్పు వండుతోంది.

ఖాసిం ఒక మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ ముట్టలేదట. అవ్వ పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అవ్వ అక్కణ్నుంచి కదల్లేదు, తనే అన్నం కలిపి పళ్లెం దగ్గరికి జరిపింది.

"తిను తమ్మీ" అంది. "అక్కను నేనున్న గద."