గుట్టకుంట పరకలు

మాది కోడేరు దగ్గర పల్లె. ఊరి చెరువులోనూ పరకలే, గుట్ట మీది కుంటలోనూ పరకలే. వేలెడు చేపలు. చెరువులోవి సన్నగా ఉంటాయి, మూతి చిన్నది. కుంటలోవి పొట్ట లావు, మూతి మొద్దు. చేతిలో పెడితే కళ్లు మూసుకుని ఏది ఎక్కడిదో చెప్తాను. వల పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. అదొక చదువని మాత్రం నాకు తెలియదు.

శ్రీవాణి వచ్చాక తెలిసింది. ఆ పిల్లది నాగర్‌కర్నూల్. హైదరాబాదులో చేపల మీద పెద్ద చదువు చదివేది. రెండేళ్లు మా ఊరికి తిరిగింది. నేను వల వేసి పట్టిస్తే, ఒక్కో పరకను పలక మీద పెట్టి మూతి కొలిచి, రాసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేది. అన్నం మా ఇంట్లోనే. నా భార్య ఈదమ్మ ఆమెతో, "మీ తాత నోట్లకెళ్లి మాట రావాల్నంటే వల ఏసి గుంజాలె బిడ్డా" అనేది.

మొదటి ఏడే ఆ పిల్ల నన్ను అడిగింది, కుంటలోకి ఎవరైనా చేపలు తెచ్చి వదిలారా అని. నేను తల అడ్డంగా ఊపాను.

ఆ ఊపుడే తప్పు.

డెబ్బై రెండు కరువులో కుంట అడుగుదాకా ఎండి నెర్రెలు వారింది. మరుసటేడు వానలకు నిండితే, మా మామ పెద్దన్న, నేను ఇద్దరం చెరువు మడుగులో మిగిలిన పరకలను చెరో కుండలో మోసుకుపోయి వదిలాం. వల పట్టే మాలో ఒక కట్టుబాటు ఉంది. ఎండిన నీళ్లకు విత్తనం తెచ్చినవాడు అది ఏ నీళ్లదో చెప్పకూడదు. చెబితే చేప పుట్టింటి మీద బెంగతో నిలవదంటారు. మామ పోయాడు. నేను నోరు విప్పలేదు.

రెండువేల ఆరు ఎండాకాలం. శ్రీవాణి ఇంత లావు కాగితాల కట్ట తెచ్చి, అందులోది మాకు విడమరిచి చెప్పింది. ఒకప్పుడు రెండూ ఒకే చేపలట. చెరువులో నాచు మెత్తన, సన్న మూతి చాలు. కుంటలో రాళ్లకు నత్తలు. మొద్దు మూతివి వాటిని కొరికి బతికాయి, వాటి పిల్లలకూ అదే మూతి వచ్చింది. అట్లా అట్లా వేరైపోయాయట.

"చెరువుకు కుంటకు నడుమ కాలువ లేదు, పరక గుట్ట ఎక్కదు కద తాతా. అంటే వేల ఏండ్ల కిందనే విడిపోయినయి" అంది.

వారం రోజుల్లో ఆ కట్ట సార్లకు ఇవ్వాలి. మొదటి కాగితం మీద నా పేరు కూడా వేసింది. మూడు తరగతుల చదువు నాది, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. రాములు. ఆ పిల్ల రెండేళ్ల కష్టం నా తల ఊపుడు మీద నిలబడి ఉంది.

తెల్లారి కుంటకట్ట మీద చెప్పాను. "బిడ్డా, గివి చెరువువే. నేనే తెచ్చిన."

"ముందే అడిగిన కద తాతా" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. కట్టుబాటు సంగతి చెప్పాను. వింది. వదిలి ఎన్నేళ్లయిందని అడిగింది.

"ముప్పైమూడు. మా పెద్ద బిడ్డ పుట్టిన సాలు."

"అప్పుడు మూతి ఎట్లుండె?"

"సన్నగనే. దారి పొడుగున కుండల తొంగి చూసుకుంటనే వచ్చిన."

"మరి మొద్దు మూతివి ఎప్పటిసంది?"

బిడ్డల పెళ్లిళ్లతో లెక్క కట్టి చెప్పాను. "పెద్దదాని పెండ్లికి వల ఏస్తే సగం మొద్దు మూతివి పడ్డయి. చిన్నదాని పెండ్లికి అన్నీ గవే."

ఆమె పుస్తకం తీసి రాయసాగింది. వేల ఏళ్లు కాదు, ముప్పైమూడేళ్లలోనే మారాయంటే అది ఇంకా పెద్ద సంగతట. కానీ ఒక చిక్కు ఉంది. నత్తలు కొరికి కొరికి మూతి మొద్దుబారుతున్నదా, పుట్టుకతోనే వస్తున్నదా? అది తేలకుండా కట్ట ఇవ్వనంది. ఏడాది ఆగుతానంది.

వానలు పడ్డాక, కుంటలో పరకల గుడ్లు అంటిన నాచును కుండలోకి తీసి గుట్ట దిగాను. నత్త లేని చోట పిల్లలు పెరగాలని, ఇంటి దగ్గర తొట్టిలో చెరువు నీళ్లు ముందే నింపి పెట్టాను. దారిలో మాతో వల వేసే బాలస్వామి ఎదురై, యాడివి మామా అని అడిగాడు. ఊరికే అడిగాడు, నేను చెప్పనని వాడికి తెలుసు.

"గుట్టకుంటవి. వాటి తాతలు చెరువువి" అన్నాను.

తొట్టిలో పుట్టిన పిల్లల్లో బెంగతో ఒక్కటీ చావలేదు. నత్తను చూడకుండానే పెరిగాయి. మరుసటేడు శ్రీవాణి వచ్చి, చెరువువి కొన్ని, తొట్టివి కొన్ని పట్టించి అన్నీ కొలిచింది. లెక్క నాకు చెప్పలేదు. ఎక్కడిదో చెప్పకుండా ఒకదాన్ని నా అరచేతిలో పెట్టి కళ్లు మూసుకోమంది.

బొటనవేలితో మూతి తడిమాను. కుంటలో దానంత మొద్దు కాదు. చెరువులో దానిలా సన్నం కూడా కాదు. ఇంకోసారి తడిమాను.

"నత్త కొరకలే, తల్లంత లేదు" అన్నాను. "గని కుంటదే బిడ్డా."

ఆమె దాన్ని మళ్లీ తొట్టిలోనే వదిలింది. కలం తీసి, ఆ మాట నేనన్నట్టుగానే రాసుకుంది.