గోపన్న చెప్పిన క్రౌను జబ్బు

మా కోడలు జీవిత కొన్న పాత వ్యానుకు వెనకాల ఒక రోగముండాది. కదిలేటప్పుడు దడ్‌మంటాది, బ్రేకు తొక్కితే మళ్లా దడ్‌మంటాది. కోడూరు మెకానిక్కు గోపన్న ఒక్క సుట్టు తిప్పుకొచ్చి, క్రౌను పోయిందన్నాడు. క్రౌనంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచే పళ్ల చక్రం. అది మార్చేదాని కన్నా వ్యాను పాతినుముకు ఏసేది మేలని, కావాలంటే తానే తీసుకుంటానని కూడా అన్నాడు.

జీవిత ఎనిమిదేండ్లు మంగంపేటలో ముగ్గురాళ్లు, అదే బెరైటీసు, పిండి చేసే మిల్లులో రాళ్లెత్తింది. మానేసిన రోజు మేస్త్రీ నవ్వినాడంట, నెల తిరక్కుండా మళ్లా వస్తావులే అని. గోపన్నకు వ్యాను చూపించిన పొద్దు మధ్యాన్నమే ఆమెకు మొదటి బాడుగ, అరటి గెలలు. వ్యాను పోతే మళ్లా ఆ మేస్త్రీ ముందరే నిలబడాల.

"నేను మళ్లా మిల్లుకు పొయ్యేది లేదు మామా" అనింది. అంతే.

నేను ఊరుకుంటానా? నా చెవి సంగతి గోపన్నకు తెలీదు. వయసులో ఉన్నప్పుడు ఓబులవారిపల్లెలో రైలు పట్టాకు చెవి ఆనిస్తే నందలూరులో గార్డు దగ్గేది వినపడేది. ఏ పక్క ఊపిరితిత్తో కూడా చెప్పేవాణ్ణి. అట్లాంటోణ్ణి, ఈ డెబ్బై రెండేండ్ల వయసులో వ్యానెక్కి వెనకాల అడుగు రేకు మీద బోర్లా పండుకున్నా. జీవిత వ్యానును గోపన్న షెడ్డు ముందర ముందుకీ వెనక్కీ నడిపింది. దడ్, నా బొడ్డు కింద. దడ్, నా గడ్డం కింద.

దిగినాక చెప్పినా, "ఏమప్పా గోపన్నా, నీ క్రౌనుకు కాళ్లొచ్చినట్లుండాయి. బొడ్డుకాడ ఉండేది గడ్డంకాడికొచ్చింది."

అది ముసలోని ఎముకల సప్పుడని గోపన్న నవ్వినాడు. జీవిత నవ్వలా. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అడక్కుండానే గోపన్న జాకీని ఈడ్చుకొచ్చి వెనకాల కింద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ముట్టుకోవద్దని వాడు అంటానే ఉన్నాడు. వెనక చక్రాలు రెండూ నేల ఇడిచినాయి. తిరగలా, కదల్లా. వ్యాను ముందుకు వాలేసరికి లోపల ఏందో దొర్లుకుంటా పోయి దడ్‌మనింది.

"చక్రం తిరగలేదు కదన్నా. నీ క్రౌను ఎట్ల మోగింది?"

గోపన్న జాకీ వైపు చూసినాడు, దాన్ని అడిగినట్లు.

జీవిత లోపలికెక్కి పానాతో అడుగు రేకంతా కొట్టి చూసింది. పాత రేకు అరిగిపోతే దాని మీద పట్టీలు పెట్టి కొత్తది అతికించినారంట. ఆ సందులో రాయి పడి ఉండాదంట, అదీ ముగ్గురాయి. చూడకుండా ఎట్ల చెప్తాండావని అడిగినా.

"మామూలు రాయైతే గలగలంటాది మామా. ఇది బరువు. ఎనిమిదేండ్లు ఇనుము మీద పడతాంటే ఇన్నా."

నందలూరు గార్డును నేను ఆ పొద్దుకు జేబులో పెట్టుకున్నా.

గోపన్న గొంతు మెత్తబడింది. సాయంత్రం దాకా వ్యాను ఈడ ఉంచితే రేకు కోసి తీస్తాడంట, ఊరికేనే. అంతలో అరటి తోటాయన ఫోను, వస్తాండావా లేదా అని.

"వస్తాండా" అనింది జీవిత. గోపన్నతో, "రేపు నేను నిలబడి కోయిస్తా. వ్యాను మాత్రం నీ కాడ ఇడిచేది లేదు."

నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బయల్దేరింది. గేరు మార్చినప్పుడల్లా దడ్. షెడ్డు వాకిట్లో దావకు అడ్డం ఎవురూ లేరు, బ్రేకుతో పనే లేదు. అయినా గోపన్న ఇనేటట్లు ఒకసారి గట్టిగా తొక్కింది.