గొంతుల బేరం

"రెండు దేశాలు ఒప్పందం చేసుకునేటప్పుడు బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారు?" అని అడిగి మేడమ్ జవాబు కోసం చూస్తూ ఉంది. పొద్దుటి నుంచి వరసగా ఇది మూడో క్లాసు. గొంతు బొంగురుపోయింది. నిజానికిది శాఖకి హెడ్డయిన పెద్దాయన క్లాసు. భోజనానికి ఎవరో పిలిచారని నిన్న సాయంత్రం ఆమె నెత్తిన పెట్టి పోయాడు. వెనక బెంచీ కుర్రాడొకడు జవాబు చెప్పబోతూ గుమ్మం వైపు చూశాడు. మేడమ్ కూడా చూసింది. చేపల కంపెనీలో పనివాళ్ళ బట్టలుతికే అక్క అక్కడ నిలబడి ఉంది. ఎడమచేతిని సంచి వెనక దాచుకుంది.

మేడమ్‌ని విద్యార్థులు 'ఏడాది మేడమ్' అంటారు, వినబడకుండా అనుకుంటున్నామనే భ్రమలో. ఆమెది అంతర్జాతీయ సంబంధాల శాఖలో ఫెలో ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సగం పరిశోధన, సగం బోధన అని నియామకపత్రంలో రాశారు. ఎక్కడైనా రెండు సగాలు కలిస్తే ఒకటవుతుంది. ఆ శాఖలో మాత్రం మూడయ్యేది: పెద్దాయన పాఠాలు, పెద్దాయన వ్యాసాలు, ప్రాణం మిగిలితే తన పరిశోధన. ఆ మిగిలిన ప్రాణంతోనే, పక్క దేశం నుంచి ఒప్పందం మీద పనికొచ్చినవాళ్ళని కలిసి, వాళ్ళ మాటలు రికార్డు చేసి ఒక వ్యాసం రాసింది. పోయిన నెల అది అచ్చయింది.

విద్యార్థుల్ని చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చింది.

"ఏమైందక్కా?"

"పన్లోంచి తీసేశారు. పని లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరుగా. నెలాఖరులోగా పంపించేస్తారంట." అక్క గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. "నా పేరు రాయనన్నావు కదా?"

"రాయలేదక్కా, ఒట్టు. ఎవరి పేరూ రాయలేదు."

"మరి వాళ్ళకెలా తెలిసింది? సూపర్‌వైజరు నీ కాగితాలు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. ఇదిగో, పేపర్లోకెక్కిన చెయ్యి అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే వాళ్ళకీ మూడుతుంది, ఏం చేస్తారు?"

ఏం జరిగిందో మేడమ్‌కి ఆ క్షణంలోనే అర్థమైంది. పేరు తీసేసింది, ఊరు తీసేసింది, వయసు మార్చింది. పరిశోధన పద్ధతుల క్లాసులో చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. కానీ బట్టలు పిండే యంత్రానికి మూత తాళం పీకేశారనీ, అది ఆగకముందే చెయ్యి పెట్టి బట్టలు తియ్యమన్నారనీ, అందులో ఒకావిడ రెండు వేళ్ళు పోయాయనీ రాసింది. ఆ కంపెనీలో రెండు వేళ్ళు లేని మనిషి ఎంతమంది ఉంటారు? రాసినప్పుడు ఆ వాక్యం బాగా కుదిరిందని మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయింది కూడా. ఇప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది.

"అంతా అబద్ధమని రాసెయ్యి" అంది అక్క. "నేనేదో నోరు జారానని రాయి. వాళ్ళ కాళ్ళు పట్టుకుని మళ్ళీ చేరతాను. జీతంలో మంచానికింత, నీళ్ళకింత అని వాళ్ళు కోసుకోగా మిగిలేది చిల్లరే. ఆ చిల్లరే మా ఇంటి పొయ్యి వెలిగించేది."

ఇంతలో అటెండరు వచ్చాడు. పెద్దాయన పిలుస్తున్నాడట. మేడమ్ అక్కని మెట్ల కింద బెంచీ మీద కూర్చోబెట్టి పైకి వెళ్ళింది.

పెద్దాయన విందు భోజనం చేసి వచ్చిన మనిషిలాగే ఉన్నాడు. మాటలో తేనె కారుతోంది.

"కూర్చోమ్మా. ఎండన పడి తిరుగుతున్నావు, మొహం చూడు ఎలా అయిపోయిందో. కంపెనీవాళ్ళతో మాట్లాడాను. వాళ్ళేం పరాయివాళ్ళు కాదు, మన సదస్సులకి సాయం చేసేది వాళ్ళే. నువ్వు రాసింది నిజమో కాదో చూసుకుంటామంటున్నారు, అంతే. ఆ రికార్డింగులు ఒకసారి విని ఇచ్చేస్తారు."

"వింటే గొంతులు గుర్తుపట్టేస్తారు సార్."

"పట్టనీ. నిజం చెప్పినవాళ్ళకి భయమెందుకు?" అని నవ్వాడు. తరవాత కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. "వేళ్ళు పోయినావిడ సంగతి కూడా నేనే ఎత్తాను. పాపం అన్నాను. రికార్డింగులు అందితే మళ్ళీ పనిలోకి తీసుకుంటామన్నారు. నీ పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది. ఇవాళే సంతకం పెట్టి పంపేస్తాను. అందరికీ మంచిదే కదమ్మా?"

ఎంత ముచ్చటైన బేరం! ఒకావిడ అన్నం ఆవిడకి దక్కుతుంది, ఏడాది మేడమ్‌కి ఇంకో ఏడాది దక్కుతుంది. దానికి వెలగా మిగతావాళ్ళ గొంతులు ఇవ్వాలి. అంతే.

ఇచ్చేద్దామనే అనుకుంది. దాచడమెందుకు? భర్త పనిచేసే ప్రెస్సు మూతపడింది. అత్తగారు, చంటిది, భార్యాభర్తలిద్దరూ ఉండేది యూనివర్సిటీ ఇచ్చిన రెండు గదుల్లో. ఫెలోషిప్ పోతే గదులు పోతాయి. పైగా కింద బెంచీ మీద కూర్చున్న మనిషికి తను చేసిన అన్యాయం ఈ ఒక్క మాటతో సరైపోతుంది. ఇస్తే తప్పేంటి?

కానీ కంపెనీ వంటగదిలో గిన్నెలు తోమే అమ్మాయి గుర్తొచ్చింది. రికార్డు చేస్తున్నంతసేపూ తలుపు వైపే చూసింది. పెట్టెలు మోసే ముసలాయన జీతం ఎగ్గొట్టిన సంగతి నవ్వుతూ చెప్పి, చివర్లో నవ్వు ఆపి, "ఇది వాళ్ళకి వినిపించవు కదమ్మా?" అని అడిగాడు. "అయ్యో, లేదు బాబాయ్" అంది తను. అక్కకీ ఇలాగే, ఇంతే ధీమాగా మాటిచ్చింది.

"ఇవ్వను సార్."

"తొందరపడకు. సాయంత్రం దాకా ఆలోచించుకో."

"ఇవ్వను సార్." ఈసారి లేచి నిలబడి అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ ఒకప్పుడు ఫెలోనే అమ్మా. నాకూ ఇలాంటి రోజొచ్చింది" అన్నాడు. ఆ రోజు తనేం చేశాడో చెప్పలేదు. ఆ గదిలో, ఆ కుర్చీలో ఆయన్ని చూస్తున్నవాళ్ళకి చెప్పాల్సిన పనీ లేదు.

మెట్లు దిగుతున్నంతసేపూ ఆమెలో భయం ఉంది, దాని పక్కనే కాస్త గర్వం కూడా ఉంది. అక్క లేచి నిలబడింది.

"ఏమన్నాడు?"

మేడమ్ ఏదీ దాచలేదు. రికార్డింగులిస్తే అక్కని పనిలోకి తీసుకుంటామన్నారని చెప్పింది. తను ఇవ్వనన్నదీ చెప్పింది. ఇస్తే ఎవరెవరు దొరికిపోయేవాళ్ళో కూడా చెప్పింది.

అక్క వేళ్ళు లేని చేతిని ఇప్పుడు దాచుకోవడం మర్చిపోయింది.

"నేను కిందే ఉన్నానుగా" అంది చివరికి. "ఒక్కసారి దిగొచ్చి నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఏం చెప్పేదానివక్కా?"

"తెలీదు. వద్దనేదాన్నేమో. ఇచ్చెయ్యమని నీ కాళ్ళ మీద పడేదాన్నేమో." సంచి భుజానికి తగిలించుకుంది. "నన్ను ఇక్కడికి పంపేటప్పుడు ఎవరూ అడగలేదు. తీసేసేటప్పుడూ అడగలేదు. నువ్వు చదువుకున్నదానివి, నా మాటలన్నీ రాసుకున్నదానివి. నువ్వన్నా అడగాల్సింది."

అక్క వరండా దాటి ఎండలోకి నడిచింది. మేడమ్ తరవాతి క్లాసుకి వస్తున్న విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని ఆమెకి అడ్డం రాకుండా పక్కకి తప్పుకున్నారు.