విశ్వాసులం

తార్నాకలో గది దొరకడమంటే మాటలు కాదు. అందులోనూ ఒంటరి ఆడపిల్లకి. హాస్టల్లో సీటు రాక, విద్యానగర్‌లో స్నేహితురాలి మంచం పక్కన చాపేసుకుని పడుకుంటున్న సౌమ్యకి ప్రమీలమ్మగారి మేడ మీద గది చూడగానే ప్రాణం లేచొచ్చింది. గాలీ వెలుతురూ ఉన్న గది. యూనివర్సిటీకి నడిచి వెళ్ళొచ్చు. లా చదివే పిల్లకి ఇంకేం కావాలి?

ప్రమీలమ్మ కిటికీ తెరిచి చూపించింది. పంపు తిప్పి నీళ్ళు చూపించింది. చివరికి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరైనా అడిగేదే తనూ అడిగింది.

"మీరేమిటోళ్ళు బిడ్డా?"

సౌమ్య రేపల్లెలో చర్చి ఉపదేశి ప్రభుదాసు కూతురు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో విన్న మాటే నోట్లోంచి వచ్చింది.

"విశ్వాసులమండీ."

వాళ్ళ ఊళ్ళో ఆ మాటకి ఒకటే అర్థం, ఏసుని నమ్ముకున్నవాళ్ళని. కానీ సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద ఎవడో ఆటోవాడు కొంప మునిగినట్టు హారన్ కొట్టాడు. ప్రమీలమ్మ చెవికి సగం మాటే చేరింది. మిగతా సగం ఆవిడే పూర్తి చేసుకుంది.

"విశ్వబ్రాహ్మలా! అవుసలోళ్ళన్నట్టు. మంచిగైంది, రేపే వచ్చెయ్యి."

ఆ హారన్ మోతలో మొదటి మాట సౌమ్యకీ వినబడలేదు, 'అవుసలోళ్ళు' అన్న మాట ఎన్నడూ విని ఎరగదు. ఇక్కడ విశ్వాసుల్ని అలా అంటారు కాబోలు అనుకుని బుద్ధిగా తలూపింది. బొట్టు లేకపోవడం ప్రమీలమ్మ చూడకపోలేదు. ఈ కాలం పిల్లల ఫ్యాషన్ అనుకుని ఊరుకుంది. ఇద్దరూ ఇద్దరే!

ఆవిడ మంచిది కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. రోజూ సాయంత్రం మేడ మీదికి స్టీలు గ్లాసులో ఛాయ్ పట్టుకొచ్చేది. తాగాక సౌమ్య గ్లాసు కడగబోతే చేతిలోంచి లాక్కునేది. "మా ఇంట్ల ఆడపిల్ల గ్లాసులు కడుగుడేంది? తే ఇటు!" అని కసిరేది. ఇంటి మీద బెంగ పెట్టుకున్న సౌమ్యకి ఆ కసురు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఒకరోజు ఆవిడ చెవి కమ్మలు తీసి సౌమ్య అరచేతిలో పెట్టింది.

"చూసి చెప్పు బిడ్డా, అసలు బంగారమేనా?"

"నాకేం తెలుసు ఆంటీ?"

"నీకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది? పుట్టుకతోనే వస్తది మీకు."

పుట్టుకతో ఏమొస్తుందో సౌమ్యకి బుర్ర గోక్కున్నా అంతుబట్టలేదు. మర్నాడు క్యాంటీన్లో క్లాస్‌మేట్ దేవేందర్‌ని అడిగింది. వాడిది సిద్దిపేట. విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అవుసలోళ్ళంటే బంగారం పని చేసేటోళ్ళు. మీ దిక్కు కంసాలోళ్ళంటరు గద! ఏం పరేషాన్ గాకు. నోరు మూసుకొని ఉండు. ఆ రూమ్ పోతే ఇంకోటి దొర్కదు."

సౌమ్యకి మాత్రం నవ్వు రాలేదు. నేను అబద్ధమాడలేదే, మరి ఈ దొంగతనం చేసినట్టు ఉండడమేంటి? చెబితే గది పోతుందేమో. చెప్పకపోతే రోజూ తాగే ఛాయ్ వేరేవాళ్ళ ఛాయ్. ఆ మధ్యాహ్నం రాజ్యాంగం క్లాసు అయ్యాక శశిభూషణ్ సార్ వెనకాలే కారిడార్లో నడిచింది.

"సార్, మతం చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే ప్రాథమిక హక్కు పోయినట్టేనా?"

"పదిహేనో అధికరణ మొదట రాజ్యానికి చెబుతుందమ్మా, వివక్ష చూపించొద్దని. తర్వాత అంగళ్ళు, హోటళ్ళు, బావులు, రోడ్లు అంది. మేడ మీద గది అందులోకి వస్తుందా అంటే వాదించుకోవచ్చు."

"మరి పదిహేడు?"

"అంటరానితనం ఎవరు పాటించినా నేరమే, ఇంటి ఓనరైనా సరే. కానీ ఏం జరిగిందో చూపించాలి కదా. మీ ఓనర్ ఏం చేశారు?"

"ఛాయ్ ఇస్తున్నారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి ఆ పిల్ల వంక వింతగా చూశాడు.

శనివారం పొద్దున నాన్న ఊరినుంచి వస్తున్నాడు, కూతురి గది చూసి ప్రార్థన చేసి వెళ్దామని. సౌమ్య గదంతా ఊడ్చి, మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. ప్రమీలమ్మ ఒక చేత్తో ఛాయ్ గ్లాసు, ఇంకో చేత్తో చేతిరుమాలు మూటతో మెట్లెక్కి వచ్చింది. గ్లాసు గుమ్మం పక్కన పెట్టి మూట విప్పితే తెగిన పుస్తెలతాడు.

"మీ నాయిన వస్తుండు గద బిడ్డా. గిది జర అతికియ్యమని చెప్పు. బయటోళ్ళకిస్తే బంగారం గీకుతరు."

ఇంక దాచడానికేముంది?

"ఆంటీ, మా నాన్నగారికి బంగారం పని రాదు. ఆయన చర్చిలో వాక్యం చెబుతారు. మేం క్రైస్తవులం. ఆరోజు నేను విశ్వాసులమన్నాను, మీకు వేరేలా వినబడింది."

ప్రమీలమ్మ పుస్తెలతాడు మళ్ళీ మూట కట్టింది. కట్టి, చప్పున నవ్వేసింది.

"కిరస్తానమోళ్ళా! అయితే ఏమాయె? దేవుడు అందరికీ ఒక్కడే."

సౌమ్యకి ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడి చచ్చానే అనుకుంది. అంతలో ఆవిడే గొంతు తగ్గించి అడిగింది.

"గని బిడ్డా, కిరస్తానంల కలవకముందు మీరేమిటోళ్ళు?"

మత స్వేచ్ఛ గురించి చదివిందంతా సౌమ్య నాలుక చివర సిద్ధంగా ఉంది. ఈ ప్రశ్నకి అదేదీ పనికిరాలేదు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో కూడా తెలియలేదు.

"అది చెప్పను ఆంటీ."

"చెప్పకుంటే చెప్పినట్టే గద."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఆ మాటలోనూ ముద్దే ఉంది, అదే ఆ పిల్లని పిచ్చిదాన్ని చేసింది. గది ఖాళీ చెయ్యమని అనలేదు, ఉండమనీ అనలేదు. రోజూ చేతికిచ్చే గ్లాసుని వంగి తీసి పిట్టగోడ మీద పెట్టింది.

"తాగినంక కడిగి గీడనే బోర్లియ్యి బిడ్డా."

"నిన్నటిదాకా మీరే కడిగారు కదా ఆంటీ?"

ప్రమీలమ్మ తన చేతుల వంక చూసుకుంది. ముఖం చిన్నబోయింది. "ఏమో బిడ్డా. నోటికి గట్లనే వచ్చింది," అంది, నిజంగానే తనకీ తెలియనట్టు.

ఫోన్ మోగింది. నాన్న.

"సౌమ్యమ్మా, సీతాఫల్‌మండిలో లోకల్ దిగానమ్మా, ఆటో ఎక్కుతున్నా. మీ ఇంటావిడకని అమ్మ సున్నుండలు చేసి పంపించింది. ఎంతో బాగా చూసుకుంటున్నారంటివి కదా. మన ఇంట్లో చేసినవి, తింటారో లేదో అడగమంది."

సౌమ్య స్పీకర్ నొక్కి ఫోన్‌ని పిట్టగోడ మీద, ఛాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"మా ఇంట్లో చేసిన సున్నుండలు తింటారా అంటున్నారు. మీరే చెప్పండి ఆంటీ."

ప్రమీలమ్మ ఫోన్ వంక చూసింది, గ్లాసు వంక చూసింది. చెయ్యి దేని మీదికీ పోలేదు.

"వినబడుతోందా అమ్మా?" ఫోన్లోంచి ప్రభుదాసు అడుగుతున్నాడు. "తింటారు కదూ?"