లోతుగా పాతిన రాయి

గునపం భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు రాళ్లాయన. పట్నం ఇక్కడిదాకే అని మున్సిపాలిటీ గీత గీస్తుంది; ఆ గీత మీద ఆయన రాళ్లు పాతుతాడు. పట్నం గీత దాటేస్తుంది. ఆ రాళ్లు ఆయనే పీకి ఇంకాస్త అవతల పాతుతాడు. అందుకే మోకాటి లోతుకు మించి ఏనాడూ తవ్వలేదు. మళ్లీ పీకేది తనే కదా.

గీతతోపాటు ఇల్లూ జరిగేది. ఒకసారి అద్దె పెరిగి, ఒకసారి రోడ్డు ఇంటి మీదుగా వచ్చి. విసిగిపోయి ఆయన భార్య రేకు పెట్టె విప్పి సర్దుకోవడం మానేసింది. కావలసిన బట్ట పైనుంచి తీసుకుని మూత వేసేసేది.

"ఏమయ్యా, ఇదే ఆఖరి గీతటగా?" మంచం మీంచే అడిగింది. ఈమధ్య నాలుగడుగులకే ఆయాసం.

"అంటున్నారు. ఇకమీద పట్నం పైకి పెరగాలట, పక్కకి కాదట. చట్టం చేశారు."

"చట్టం నాకెందుకు? నువ్వు లోతుగా పాతు. ఈ పూటే పెట్టె విప్పేస్తా."

"పాతకపోతే?"

"నన్నూ అందులోనే సర్దెయ్." నవ్వింది. దగ్గింది.

పొలాల మీద మంచు. వెనక పట్నం మేడలు కాళ్లు లేకుండా తేలుతున్నాయి. ఆయన తవ్వుతూ పోయాడు. నడుం దాకా దిగేసరికి బండ్ల మోత ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టయింది. మట్టి చల్లగా, నిద్రలో ఉన్న మనిషిలా ఉంది.

"బావి తవ్వుతున్నావా మామా?" గట్టు మీంచి మేస్త్రీ.

"రాయికి దాహమేస్తోందిరా."

రాయి దించి మట్టి కూరేసరికి మంచు విడింది. అవతల చేలో, ఎర్రగుడ్డలు కట్టిన మేకులు వరసగా.

"అవేంట్రా?"

"కొత్త రోడ్డు కొలతలు. రోడ్డుకి చట్టంలో మినహాయింపుంది."

"రోడ్డు పడితే ఇళ్లు ఆగుతాయా?"

"ఆగవు."

"మరి ఈ రాయెందుకు?"

"పేపర్లో ఫొటోకి మామా."

మేకుల సంగతి ఆమెకు చెప్పకూడదనుకున్నాడు. దారిపొడుగునా అదే అనుకున్నాడు. లోతు మాట నిజమే కదా, అదొక్కటీ చెబితే చాలు.

"నడుం లోతు పాతానే," అన్నాడు గుమ్మంలోనే.

ఆమె గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. మళ్లీ చెప్పాడు, కాస్త గట్టిగా. దగ్గరికెళ్లి పాదం ముట్టుకున్నాడు. పొద్దున్న తవ్విన మట్టంత చల్లగా ఉంది.

గూట్లో బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. గోడకు అద్దం తగిలించి ఉంది. పెరట్లో, కడిగి మూత బార్లా తెరిచిన రేకు పెట్టె ఎండకు ఆరుతోంది.