ఆఖరి వంతు

"పోసేవాళ్ళకేటమ్మా తొందర, తినేవాళ్ళకి గానీ" అంటుంది మా అత్తగారు సూరమ్మ, పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తూ నేనో ముక్క నోట్లో వేసుకోబోతే. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రాయపూర్ రైల్వే క్వార్టర్‌లో కొత్త కోడలిగా దిగినప్పటి నుంచీ ఆవిడా అలాగే పోసింది. ఇప్పుడు నేను మామగారికి, మా ఆయన ఈశ్వర్‌కి, మా అబ్బాయి చందుకి, తర్వాత ఆవిడకి పోస్తాను. అందరివీ అయ్యాక పిండి ఎంత మిగిలితే నా అట్టు అంత. అప్పటికి నయా రాయపూర్ వెళ్ళే ఆఫీసు బస్సు వచ్చేస్తుంది, చాలాసార్లు అదీ తినను.

ఆ రోజు నా బుర్ర పెనం మీద లేదు. మా కంపెనీ ఉపగ్రహం పరీక్షల కోసం బెంగళూరులో రెండు నెలలు ఉండాలి, వస్తావో రావో సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఇంతకుముందు రెండుసార్లు రానన్నాను. ఒకసారి అత్తగారి మోకాలి ఆపరేషన్, ఇంకోసారి మా ఆయన ప్రమోషన్ పరీక్ష. "ఈసారీ కాదంటే ఇక నిన్ను అడగరు" అని నాతో పనిచేసే ప్రీతి ముందే చెప్పింది. మా ఆయన్ని అడిగితే "అమ్మ ఏమంటుందో కనుక్కో" అన్నారు. ఆవిణ్ణి అడిగితే "ఆడేటంతాడో" అంది. అక్కడితో నా ప్రశ్న ఆగిపోయింది.

నా ఉద్యోగం వినడానికి గొప్పగా ఉంటుంది గానీ నిజానికి పంపకాల పని. భూమికి దగ్గరగా తిరిగే చిన్న ఉపగ్రహం ఇటు పొడిచి అటు మునగడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. దాని బ్యాటరీ చిన్నది, వినగలిగేదీ తక్కువే. ఆ కాసేపట్లో, వానా నేలతేమా లాంటివి కొలిచి పైకి కబురు పంపడానికి కింద మేం పెట్టిన పెట్టెల్లో ఏది ముందు మాట్లాడాలో, ఏది ఆగాలో నేను రాసిన ప్రోగ్రాం తేలుస్తుంది. ఆరంగ్ ఊరి అవతల మహానది ఒడ్డున మాదో పెట్టె ఉంది. చుట్టుపక్కల పొలాల్లోని చిన్న పెట్టెలు తమ కబుర్లు దానికి చెబితే, అది అన్నీ మోసి పైకి పంపుతుంది. దానికీ సొంత కబురొకటుంది, నదిలో నీటిమట్టం. అది మాత్రం ఒక్కసారీ రాలేదు. చెడిపోయిందేమోనని మనిషిని పంపితే, బంగారంలా పనిచేస్తోందన్నాడు.

ఇలాంటి చిక్కుముడి దొరికితే నాకు ఆకలి తెలీదు. పెట్టె బాగుంది, ఉపగ్రహం బాగుంది, మరి కబురు ఎక్కడికి పోతోంది? మధ్యాహ్నం దాకా తవ్వితే దొరికింది. పక్కవాళ్ళవన్నీ పంపాకే మోసే పెట్టె తనది పంపాలని ప్రోగ్రాంలో ఒక వరస ఉంది. దాని వంతు వచ్చేసరికి ఉపగ్రహం మునిగిపోతోంది. మళ్ళీ పొడిచేసరికి పక్కవాళ్ళ కొత్త కబుర్లు తయారుగా ఉంటున్నాయి.

"ఈ రూలు ఎవరు పెట్టమన్నారు?" అంది ప్రీతి హిందీలో, నా కుర్చీ వెనక నిలబడి.

ఎవరూ పెట్టమనలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. నేనే రాశాను, రూలు రాస్తున్నానని కూడా తెలియకుండా. మోసేవాళ్ళది ఆఖరున కాక ఇంకెప్పుడు? నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఇంత చదువూ చదివి మా వంటింటి పద్ధతిని తీసుకెళ్ళి ఆకాశానికి అంటగట్టాను.

ఆ వరస తీసేసి, మోసే పెట్టె కబురుని అందరికన్నా ముందు పెట్టాను. నిన్నటి కబుర్లన్నిటితో కంప్యూటర్ మీదే మళ్ళీ నడిపించి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుందని ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. నీటిమట్టం రెప్పపాటులో వెళ్ళిపోయింది. నాలుగు అంకెలు, అదెంత? మిగతావీ ఎప్పట్లాగే వెళ్ళాయి. ఒక్క పొలం కబురు మాత్రం ఆగి, ఉపగ్రహం మళ్ళీ పొడిచినప్పుడు అందింది. నమ్మలేక మళ్ళీ నడిపించాను. మళ్ళీ అంతే.

నేను లేకపోతే ఇల్లు ఏమైపోతుందో అని ఇన్నేళ్ళూ భయపడ్డాను. ఏమవుతుందో ఒక్కసారైనా చూశానా? చూడలేదు. ఆ సంగతికి నాకే ఆశ్చర్యం వేసింది. బెంగళూరు వస్తానని మెయిల్ పెట్టి, మా ఆయనకి ఫోన్ చేశాను.

"నేను వెళ్తున్నానండీ. ఇప్పుడే ఒప్పుకున్నాను."

"అమ్మని అడిగావా?"

"లేదు. ఇంటికొచ్చి చెబుతాను."

ఆయన స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నారు. వెనక ప్లాట్‌ఫారం మీద ఏదో రైలు పేరు చదువుతున్నారు.

"అరే, కాస్త ఆలోచించు భాగ్యా. నువ్వెళ్ళిపోతే ఇక్కడ మేమెలా?" ఆయన గొంతులో కోపం కన్నా బెంగే ఎక్కువ ఉంది.

"ఏమోనండీ" అన్నాను, "నాకూ అదే చూడాలనుంది."