తెల్లకోటుకు వేరే బకెట్టు

కృప తెల్లకోటుకు ఆ ఇంట్లో వేరే బకెట్టు. అత్తగారు తెరేసమ్మ పెట్టిన నియమం అది. ఎక్స్‌రే కిరణాలు కోటుకు అంటుకుని ఇంటికొస్తాయని, మిగతా బట్టల్లో కలిపితే అందరికీ పాకుతాయని ఆవిడ భయం. స్విచ్చి ఆపాక లైటు వెలుతురు గదిలో మిగలదు కదా, ఇదీ అంతేనని కృప ఎన్నోసార్లు చెప్పి చూసింది. "నీకేం తెలుసు" అని ఆవిడ కసరలేదు. "కడుపు పండాల్సినదానివి, నీ మంచికే చెప్తన్నానమ్మా" అంది. కసిరితే ఎదురు చెప్పొచ్చు, మెత్తటి మాటకు ఏం చెప్తాం? అందుకే వన్‌టౌన్ సందులోని ఆ రెండు గదుల ఇంట్లో అందరి బట్టలూ ఉతికాక, కృప మళ్లీ కూర్చుని కోటు విడిగా ఉతుక్కునేది. ఆ తర్వాత వంట, భర్త జయపాల్‌కు క్యారేజీ, ఆపైన పరుగున గన్నవరం వైపు వెళ్లే కాలేజీ బస్సు.

నిజానికి ఈ ఎక్స్‌రేలూ స్కానింగులూ తీసే డిగ్రీలో ఆమె చేరింది పెళ్లయిన మూడేళ్లకు. ఆ మూడేళ్లూ పిల్లలు పుట్టకుండా ఏ కిరణాలు అడ్డొచ్చాయో ఎవరూ అడగలేదు. చదువులో చేరగానే మాత్రం చుట్టాలందరికీ కారణం దొరికిపోయింది. జయపాల్ చెడ్డవాడేం కాదు. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో గుమస్తా, పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం, ఇంటికొస్తే కాళ్లు లాగుతాయంటాడు. "చదువుకో, నేనేం కాదంటన్నానా? పిల్లలొస్తే ఎలాగూ మానేస్తావుగా" అనేవాడు. పెద్ద మనసుతోనే అన్నాననుకునేవాడు. కృపకు మాత్రం ప్రతి నెలా భయంగానే ఉండేది. బిడ్డ రాకపోతే ఒక భయం, వస్తే ఒక భయం. ఫైనలియరు పరీక్షలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి.

ఆ నెల కాలేజీ ఆస్పత్రిలో ఆమెకు ఎక్స్‌రే గదిలో డ్యూటీ పడింది. ఆడమనిషి ఎవరొచ్చినా మిషను దగ్గరికి తీసుకెళ్లే ముందు, చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందని అడగాలి. కడుపులో బిడ్డకు ఆ కిరణాలు తగలకూడదు. చిన్న ప్రశ్నే, కానీ జవాబు చెప్పాల్సిన మనిషి నోరు విప్పేలోపు పక్కవాళ్లు చెప్పేస్తారు. కూచిపూడి వైపు నుంచి నడుంనొప్పితో వచ్చిన జ్ఞానేశ్వరి విషయంలోనూ అంతే. "అదేం లేదమ్మా, మేమూ దానికోసమే చూస్తన్నాం, తీసెయ్యండి" అంది ఆ పిల్ల అత్తగారు. ఇలాంటప్పుడు కృప ఒక పని చేస్తుంది. బట్టలు మార్చుకోవాలని చెప్పి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, తలుపేసి మళ్లీ అడుగుతుంది.

"వినాయక చవితప్పుడు, అమ్మోళ్లింట్లో ఉండగా వచ్చిందండి. మళ్లీ రాలేదు" అంది జ్ఞానేశ్వరి గొంతు తగ్గించి. "పోయినసారి తొందరపడి చెప్పి, కాదని తేలాక మాటపడ్డానండి. అందుకే ఈసారి చెప్పలేదు."

కృప గోడమీది క్యాలెండరు దగ్గరికెళ్లి లెక్క చూసింది. నెల తప్పి చాలా రోజులే అయింది. సీనియర్‌కు చెప్పి ఎక్స్‌రే ఆపించి, ఆ పిల్లను ముందు గైనిక్ డాక్టరు దగ్గరికి పంపింది. తిరిగొచ్చి క్యాలెండరు సర్దబోతూ, ఎందుకో తన తేదీ వెతుక్కుంది. ఆ నెలలో లేదు. కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్న తనను తాను అడగలేదు. ప్రతి నెలా భయంగా ఎదురుచూసే మనిషికి, ఈసారి ఉతుకుడూ వంటా బస్సూ చదువూ, వీటి మధ్య తన ఒంటి సంగతే గుర్తులేదు.

మధ్యాహ్నం మెడికల్ షాపులో కిట్టు కొనుక్కుని కాలేజీ బాత్రూంలో చూసుకుంది. రెండు గీతలు. ముందుగా వచ్చింది సంతోషం కాదు. చదువు పోయింది అనిపించింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన బిడ్డ గురించి ఇలాగా అనుకున్నానని సిగ్గేసి ఏడ్చింది. ఏడుస్తూ ఉంటేనే సంతోషం కూడా వచ్చింది. మొహం కడుక్కుని ఫోను తీసి, జయపాల్ నంబరు దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు చెప్తే తను ఇల్లు చేరేలోపే అన్నీ నిర్ణయమైపోతాయి. ఫోను లోపల పెట్టేసి, విభాగం పెద్ద హెప్సిబా మేడం గదికి వెళ్లింది.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. తెరేసమ్మ సిలువ గుర్తు వేసుకుని కోడల్ని పట్టుకుని ఏడ్చేసింది. గుణదల కొండ మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని ఎప్పుడో మొక్కుకుందట, ఆ నొప్పుల మోకాళ్లతో. అది విని కృపకూ కన్నీళ్లాగలేదు. జయపాల్ పరుగున వెళ్లి పూతరేకులు తెచ్చి, భార్య నోట్లో పెట్టి పక్కన కూర్చున్నాడు.

"రేపు నేనొచ్చి మీ మేడంతో మాట్లాడతాలే. సంగతి చెప్తే మాన్పించడానికి వాళ్లేం అడ్డుచెప్పరు."

"నేను మధ్యాహ్నమే చెప్పానండీ."

అతని మొహం చిన్నబోయింది. "మాకంటే ముందు ఆవిడకి చెప్పావా?"

నొచ్చుకున్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. తెరేసమ్మ కూడా కళ్లు తుడుచుకోవడం ఆపి కోడలి వైపు చూసింది. ఇదివరకైతే కృప తప్పయిపోయిందని ఆ క్షణమే అనేసేది. ఈసారి అనలేదు.

"నన్ను ఎమ్మారై స్కానింగు గదికి మార్చారు. అక్కడ ఈ కిరణాలుండవు. ఇన్నాళ్లూ సీసపు తెర వెనకే నిలబడ్డాను కాబట్టి బిడ్డకు భయం లేదన్నారు. పురుడయ్యాక మిగతా డ్యూటీలు చేసి డిగ్రీ తీసుకుంటాను" అంది నెమ్మదిగా. "ముందు మీకు చెప్తే, ఎప్పుడు మానేస్తావని అడుగుతారని తెలుసండీ. ఆవిడ, రేపట్నుంచి ఏ గదిలో పనిచేస్తావని అడిగారు."